దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళకి 'మూవ్‌మెంట్ థెరపీ' గ్రూపు అంటున్నారు, చేరొచ్చా? (బరంపురం)

బరంపురం_కోడలు:

అందరికీ నమస్కారం. పుట్టిల్లు పలాస దగ్గర, మెట్టినిల్లు బరంపురం. నాకు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, చిన్నాడు పుట్టాక మొదలైంది. వారానికొకసారి మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్, కీళ్ళు బాగా వాస్తే కొన్నాళ్ళు స్టెరాయిడ్, ఇదీ నా మందుల సంసారం. రిపోర్టులు చూసి డాక్టరుగారు "బాగుందమ్మా, కంట్రోల్లో ఉంది" అంటారు. కాగితం మీద కంట్రోల్లోనే ఉంది. పొద్దున్నే కుక్కర్ మూత తిప్పాలంటే మాత్రం వేళ్ళు మాట వినవు, పెద్దాణ్ణి లేపి వాడి చేత తీయించుకుంటాను, వాడు నిద్రకళ్ళతో తీసిచ్చి మళ్ళీ పడుకుంటాడు. కుచ్చిళ్ళు పట్టుకోలేక పెళ్ళిళ్ళకి కూడా డ్రెస్సులే వేసుకెళ్తున్నాను, దానిమీద చుట్టాల కామెంట్లు వేరే.

అసలు సంగతి. మా వీధి చివర కల్యాణమండపం మేడమీద ఒక ఫిజియో అమ్మాయి, ఒక రిటైర్డు ఒడియా టీచరమ్మ కలిసి వారానికోసారి గ్రూపు నడుపుతున్నారు. ఆర్థ్రయిటిస్, షుగరు, థైరాయిడ్, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయినవాళ్ళు, ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పులు, అలసట) అని ఒకావిడ, ఇలా అన్ని రకాల వాళ్ళూ వస్తున్నారు. మొన్న కూరగాయలకి వెళ్తూ పైకెక్కి గుమ్మంలో నిలబడి చూశాను. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. ఒక పాత నేత చీర నిలువుగా మడిచి రెండు చివర్లూ ముడేసి, ఆ వలయాన్ని అందరూ తలో చోట పట్టుకుని మెల్లగా లాగుతున్నారు, వదులుతున్నారు, మాటల్లేవు. తర్వాత ఒకావిడ కూర్చున్నచోటే భుజం ఒకటి ఎత్తింది, మిగతావాళ్ళంతా అదే చేశారు, ఇంకొకరు చూపుడువేలు ఒక్కటే కదిపారు, అందరూ అదే. గోడకి చార్ట్ పేపర్లు అతికించి మనిషి ఆకారాలు గీసి ఉన్నాయి, ఒక బొమ్మకి మణికట్ల దగ్గర ఎర్ర క్రేయాన్‌తో ఎంత గట్టిగా రుద్దారంటే పేపరు చిరిగిపోయింది. అది చూసి నాకు అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు, ఎందుకో చెప్పలేను.

ఇంటికొచ్చి చెప్తే మా అత్తగారు "ఏటమ్మా, ఠాకురాణి జాతరలో పులేషాలు ఆడితే అందరం చూస్తాం గానీ, జబ్బు మనుషుల గెంతులు ఎవులు చూస్తారు" అన్నారు. మావారు ఏమీ అనలేదు, అంటే వద్దనే అర్థం.

నాకు తెలియాల్సింది ఇది. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక టైంపాసా? కీళ్ళు ఇంకా పాడవుతాయా? పైగా వాళ్ళు పొద్దున్న ఏడింటికి పెట్టారు, ఆ టైముకి నాకు చెయ్యి ముడుచుకోదు. అక్కడ అంతా ఒడియాలోనే మాట్లాడతారు, నాకు బాగానే వచ్చు, కానీ నొప్పి గురించి చెప్పాలంటే తెలుగే వస్తుంది. వెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.


ఇచ్ఛాపురం_కుర్రోడు:

అక్కా, తప్పుగా అనుకోకండి, ముందు ఒక్కటి అడుగుతాను. అక్కడ మందులు మానెయ్యమన్నారా? పొడులు, తైలాలు, డబ్బాలు ఏమైనా అమ్ముతున్నారా? "ఒంట్లో విషాలు పోతాయి" లాంటి మాట ఎవరైనా అన్నారా? ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా మెట్లెక్కొద్దు.

ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే మాది ఉద్దానం. మా నాన్నకి కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఏ ఊరెళ్ళినా ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉంటారు. ఏళ్ళ తరబడి టీములు వచ్చాయి, నీళ్ళు పట్టుకెళ్ళారు, రక్తాలు తీసుకెళ్ళారు, కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి, అది మంచిదే. కానీ ఆ కారణం తెలియని ఖాళీలోకి ఎంతమంది దూరారో మీకు తెలీదు. ఆకు పసరులు, బస్మాలు, ఒకడైతే రాగి బిళ్ళ మెళ్ళో కట్టుకుంటే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) దిగుతుందని అమ్మాడు, మా మేనమామ కొన్నాడు. అందుకని 'థెరపీ' అన్న మాట వినగానే నాకు ముందు జేబు మీదకి చెయ్యి పోతుంది.

మీరు చెప్పినదాంట్లో అలాంటిదేమీ కనబడలేదు లెండి. గుండ్రంగా కూర్చుని చీర పట్టుకోవడం వల్ల ఏం ఒరుగుతుందో మాత్రం నాకు అర్థం కాలేదు, తెలిసినవాళ్ళు చెప్తే వింటాను.


పర్లాకిమిడి_ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని, పర్లాకిమిడిలో ప్రాక్టీసు. కొంచెం పెద్ద రిప్లై, ఓపిగ్గా చదవండి.

మేడమ్, రుమటాయిడ్‌లో కదిలితే కీళ్ళు అరిగిపోతాయనేది పాత భయం. వాపు అదుపులో ఉన్నప్పుడు కదలకపోవడమే ఎక్కువ నష్టం. నొప్పి వస్తుందని భయపడి కదలం, కదలక కండ బలం తగ్గుతుంది, బలం తగ్గిన కండ కీలుని పట్టుకోలేదు, దాంతో నొప్పి పెరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మందిని ఆపుతున్నది కీలు కాదు, ఈ భయమే. కాగితం మీద పది ఎక్సర్‌సైజులు రాసిస్తే ఇంటికెళ్ళి చెయ్యరు, ఎందుకంటే ఒక్కళ్ళే గదిలో నిలబడి నొప్పితో చెయ్యడం ఎవరికైనా కష్టమే. ఆ చీర లాగడం చూశారు కదా, అది వేళ్ళకీ మణికట్టుకీ భుజానికీ మెల్లగా బలం పెట్టే పనే, కాకపోతే 'ఎక్సర్‌సైజు' అనిపించదు. అవతలివాళ్ళు ఎంత లాగుతున్నారో చేతికి తెలుస్తుంది, దాన్నిబట్టి మనం ఎంత పట్టు పెట్టాలో సర్దుకుంటాం. కాగితం మీద రాసిచ్చే ఎక్సర్‌సైజులో అది రాదు.

ఇప్పుడు జాగ్రత్తలు, ఇవి ఆ అమ్మాయికి కూడా చూపించండి, ఫిజియో కాబట్టి తెలిసే ఉంటుంది. కీలు ఎర్రగా, వేడిగా, వాచి ఉన్నరోజు ఆ కీలు మీద బరువు గానీ లాగుడు గానీ వద్దు, నొప్పి లేనంతమేర మెల్లగా ఆడించడం వరకే. మెడ గుండ్రంగా తిప్పించే కదలికలు మీరు చెయ్యకండి. రుమటాయిడ్ చాలా ఏళ్ళు ఉన్నవాళ్ళలో కొందరికి మెడలో పైనుండే రెండు ఎముకల మధ్య పట్టు సడలుతుంది, తల వెనక్కి వాల్చి తిప్పితే ప్రమాదం. చేతుల్లో తిమ్మిర్లు, మెడ వెనక నుంచి తలలోకి నొప్పి ఉంటే ముందు డాక్టరుగారికి చెప్పి ఎక్స్‌రే సంగతి అడగండి. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడి ఉంటే ఎముకలు పలచబడతాయి, గెంతడం, నడుం విసురుగా వంచడం వద్దు. చేసిన తర్వాత రెండు గంటలు దాటినా నొప్పి మామూలు కంటే ఎక్కువగా ఉంటే ఆ రోజు ఎక్కువ చేసినట్టే, తర్వాతిసారి తగ్గించుకోవాలి. మానెయ్యడం కాదు, తగ్గించడం.

పొద్దున్న ఏడు మీకు అస్సలు కుదరదు. పొద్దుటి బిగుతు రుమటాయిడ్ లక్షణమే, గంట పైన పడుతుంది వదలడానికి. పదకొండుకో సాయంత్రమో మార్చమని అడగండి. మీ ఒక్కరికే కాదు, ఆ గ్రూపులో కీళ్ళవాళ్ళందరికీ ఇదే బాధ, ఎవరూ నోరు తెరిచి చెప్పి ఉండరు.


విశాఖ_టు_ముంబై:

ఇది నేను చదువుకున్న విషయం కాబట్టి చెప్తున్నాను. దీన్ని డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అంటారు, పేరులో డాన్స్ ఉంది కాబట్టి స్టెప్పులు నేర్పుతారనుకుంటారు, అదేం ఉండదు. 1942లో మరియన్ చేస్ అనే నర్తకి వాషింగ్టన్‌లో సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో మొదలుపెట్టింది. మాట్లాడని రోగుల దగ్గర కూర్చుని వాళ్ళు ఎలా కదులుతుంటే తనూ అలా కదిలేది. మీరు చూసిన చూపుడువేలు ఆట అక్కణ్ణించి వచ్చిందే. ఒకరు ఎంత చిన్న కదలిక చేసినా గుంపు మొత్తం దాన్ని తీసుకుంటుంది. ఎక్కడికెళ్ళినా తక్కినవాళ్ళతో సమానంగా నడవలేక వెనకపడే మనిషికి, తన వేలి వెనక పదిమంది రావడం మామూలు సంగతి కాదు. మన దేశంలో కోల్‌కతా సన్వేద్ 2004 నుంచి ఈ పని చేస్తోంది, వాళ్ళది ముఖ్యంగా అక్రమ రవాణా నుంచి బయటపడిన ఆడవాళ్ళతో. ముంబైలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వాళ్ళతో కలిసి డిప్లొమా కూడా నడిపారు.

ఆ చార్ట్ పేపరు బొమ్మల్ని బాడీ మ్యాపింగ్ అంటారు. 2002 ప్రాంతంలో కేప్‌టౌన్‌లో హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళతో చేసిన పని వల్ల దానికి పేరొచ్చింది. పేపరు మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీస్తారు, లోపల ఎవరికి వాళ్ళు నింపుకుంటారు. నొప్పి ఎక్కడ, బలం ఎక్కడ, ఏ మచ్చ ఎప్పటిది, మందు ఎక్కడ పని చేస్తున్నట్టుంది. మీ ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) ఎంతో ల్యాబువాళ్ళు చెప్తారు, మీ మణికట్టు ఎలా ఉందో చెప్పే చోటు ఆ పేపరే.

ఇచ్ఛాపురం తమ్ముడికి: నువ్వు అడిగింది న్యాయమే, అందుకని ఉన్నదున్నట్టు చెప్తాను. జబ్బు తగ్గుతుందని ఏ ఆధారమూ లేదు. క్యాన్సర్ రోగుల మీద ఈ థెరపీ గురించి 2015లో కాక్రేన్ సమీక్ష (ఉన్న అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసేది) వచ్చింది, వాళ్ళకి దొరికినవి 3 చిన్న అధ్యయనాలే, డిప్రెషన్ మీద గానీ అలసట మీద గానీ పనిచేస్తుందని వాటిని బట్టి తేల్చలేమన్నారు. కొంచెం పక్కకెళ్తే బలమైనవి ఉన్నాయి. ఫైబ్రోమయాల్జియాకి తాయ్‌చీ (చైనావాళ్ళ మెల్లని కదలికల సాధన), ఏరోబిక్ ఎక్సర్‌సైజు రెండిటినీ 226 మంది మీద పోల్చి 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వేశారు, తాయ్‌చీ దానికి సమానంగానో అంతకంటే బాగానో పనిచేసింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి 2001 నుంచి న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూపు క్లాసులు పెడుతోంది, అవీ కుర్చీల్లో కూర్చునే మొదలవుతాయి. నా మటుకు నాకు, ఇది మందు పక్కన ఉండాల్సింది, మందు బదులు కాదు. ఎవరైనా దీనితో నయమవుతుందంటే వాళ్ళకి పని రాదని లెక్క.

ఆ గ్రూపులో ఫైబ్రోమయాల్జియా ఆవిడ గురించి రాశారు కాబట్టి ఇంకొక్క మాట. కొందరికి ఒళ్ళు కదిపాక ఆ రోజు బాగానే ఉంటుంది, మర్నాడో ఎల్లుండో కుప్పకూలతారు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఎంతకీ వదలని అలసట జబ్బు)లో ఇది ముఖ్య లక్షణం, అందుకే 2021లో బ్రిటన్ నైస్ సంస్థ ఆ జబ్బుకి 'వారం వారం పెంచుకుంటూ పోయే' ఎక్సర్‌సైజు ఇవ్వొద్దని మార్గదర్శకాలు మార్చింది. ఇలాంటి మనిషి ఒంట్లో ఓపిక నెల జీతం లాంటిది, ఒకటో తారీకునే ఊపులో ఖర్చు పెట్టేస్తే మిగతా నెలంతా అప్పే. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని ఉత్సాహపరిచే టీచరు వీళ్ళకి ప్రమాదం. మధ్యలో ఆగి కూర్చున్నా, కళ్ళు మూసుకున్నా, ఊరికే చూస్తూ ఉన్నా ఎవరూ ఏమీ అనని గ్రూపేనా అది? నేనైతే చేరేముందు ఇదొక్కటే చూస్తాను.


రాయగడ_టీచర్:

మాది రాయగడ, స్కూల్లో పనిచేస్తాను. మా చెల్లెలికి సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుజబ్బు. మా పక్క హాస్టళ్ళలో ఈ జబ్బున్న పిల్లలు చాలామంది, 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు పెరిగాయి, కార్డులు ఇచ్చారు. కార్డు వచ్చాక ఏమైందంటే, అప్పటిదాకా అందరితో ఆడే పిల్లని పక్కన కూర్చోబెట్టడం మొదలైంది. పండగలకి అందరూ భుజం మీద చేతులేసుకుని థింసా ఆడుతుంటే కార్డున్న పిల్లలు గట్టు మీద. ఆడకపోతే ప్రాణం నిలబడుతుంది, నిజమే, కానీ పదమూడేళ్ళ పిల్ల ముఖం ఆ గట్టుమీద చూడాలి మీరు.

ఫిజియోగారు రాసిన జాగ్రత్తలన్నీ కీళ్ళవాళ్ళవి. అన్ని జబ్బులవాళ్ళనీ ఒక్కచోట కూర్చోబెట్టే గ్రూపులో నాకు భయం వేసేది వేరే. సికిల్ సెల్ వాళ్ళు నీళ్ళు తాగకుండా ఒగర్చేలా కదిలితే నొప్పి క్రైసిస్ వస్తుంది, చలిగాలి తగిలినా రావచ్చు, చెమట పట్టిన ఒంటితో ఫ్యాను కింద కూర్చోవడం కూడా మా చెల్లికి పడదు. అందుకని మేము ఎక్కడికెళ్ళినా సీసా చేతిలోనే. అదే గుండ్రంలో పక్కన ఇచ్ఛాపురం బాబు వాళ్ళ నాన్నగారి లాంటివాళ్ళు కూర్చుంటే వాళ్ళకి నీళ్ళు కొలత. "అందరూ బాగా నీళ్ళు తాగండి" అని టీచరమ్మ మంచికే అంటుంది, ఒకరికి మందు, పక్కవాళ్ళకి మర్నాడు ఊపిరాడదు. నడిపేవాళ్ళు ఎవరి జబ్బు ఏమిటో రాసుకుని పెట్టుకున్నారా అని అడగండి. జ్వరం ఉన్నరోజు సికిల్ సెల్ మనిషి గ్రూపుకి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి, అది కూడా వాళ్ళకి తెలిసుండాలి.

ఇక మీ అత్తగారి సంగతి. ఒక ఉపాయం చెప్తాను, ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. ఆ వయసులో మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళు ఉంటారా? "నన్ను మెట్లు ఎక్కించడానికి తోడు రండి అత్తయ్యా" అనండి, తోడు అంటే కాదనరు. అక్కడ కూర్చున్నాక ఆవిడే చూసుకుంటారు. మీవారు ఏమీ అనలేదన్నారు కదా, మా ఇంట్లోనూ అంతే, ఆ మౌనానికి ఎక్కువ అర్థాలు వెతక్కండి, ఒక్కోసారి వాళ్ళకీ ఏమనాలో తెలీదు.


బరంపురం_కోడలు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అప్‌డేట్ ఇస్తున్నాను.

వెళ్ళి కలిశాను. ఏమీ అమ్మడం లేదు, హాలు అద్దె తలా కొంత వేసుకుంటున్నారు అంతే. మొదట్లోనే ఒక నోటుబుక్కు తీసి జబ్బు, మందులు, ఏ డాక్టరు, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నీ రాసుకుంది ఆ అమ్మాయి. మెడ సంగతి నేను అడగకముందే తనే చెప్పింది, మీకు మెడ తిప్పేవి వద్దు, భుజాల దగ్గర ఆపండి అని. టైము మార్చమంటే టీచరమ్మ అందరినీ అడిగారు, పర్లాకిమిడి ఫిజియోగారు అన్నట్టే ముగ్గురు నలుగురు "మాకూ పొద్దున్న కష్టమే" అన్నారు, ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదట. ఇప్పుడు శనివారం పదకొండింటికి.

అత్తగారు వచ్చారు. తోడుకే వచ్చానని గోడవారన కుర్చీ వేసుకున్నారు. చెక్కభజన లాగా చేతుల మీద తాళం వేసే ఆట ఒకటి పెడితే, నా వంతు వచ్చేసరికి అరచేతులు ఆనక తాళం తప్పుతోంది, ఆవిడ ఉండబట్టలేక లేచొచ్చి "అది కాదే, ఇలాగ" అని మొత్తం గ్రూపుకి తాళం నేర్పారు, ఒడియా వాళ్ళక్కూడా. చిన్నప్పుడు మందస వైపు వాళ్ళ ఊళ్ళో భజన జట్టులో ఉండేవారట, ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఆ ముక్క తెలీదు. ఇప్పుడు శనివారం పొద్దున్నే ఆవిడే తయారైపోతున్నారు. నా అరచేతులు ఆనవు కాబట్టి నాకు తొడ మీద తట్టమన్నారు, అది కుదిరింది.

నొప్పి తగ్గిందా అంటే లేదు, అదే నొప్పి. చేశాక సాయంత్రం చేతులు కొంచెం బరువుగా ఉంటాయి, పడుకునేసరికి సర్దుకుంటాయి. భాష గురించి భయపడ్డాను, అక్కడ సగంమంది దేరా వీధుల నుంచి వచ్చేవాళ్ళే, నేతపనివాళ్ళ ఇళ్ళవాళ్ళు, ఇంట్లో తెలుగే. టీచరమ్మ ఒడియాలో అడిగితే మేము తెలుగులో చెప్తున్నాం, నడిచిపోతోంది.

ఒక కొత్త బెంగ పట్టుకుంది కానీ. పోయినసారి బొమ్మ గీసేటప్పుడు క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఒకావిడ రొమ్ము దగ్గర రంగు వెయ్యకుండా వదిలేసి, ఒక్కసారిగా ఏడ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నారు, కాసేపటికి సర్దుకుంది. అది చూశాక నాకూ లోపల ఏదో కదిలింది, రెండ్రోజులు అన్నం సహించలేదు. ఇలా జరగడం మంచిదేనా? పైగా బరంపురం ఎంత పెద్దదైనా మా వీధి చిన్నదే, నేను అక్కడ ఏడిస్తే సాయంత్రానికి మా చుట్టాలందరికీ తెలుస్తుంది.


విశాఖ_టు_ముంబై:

ఏడుపు వస్తే గ్రూపు పని చేస్తోందని అర్థం కాదు, రాకపోతే చెయ్యడం లేదనీ కాదు. కొందరు నడిపేవాళ్ళు ఏడిపించడమే గొప్పనుకుంటారు, వాళ్ళతో జాగ్రత్త. ఒంట్లో దాచుకున్నవి కదిలిస్తే పైకి రావడం మామూలే, కానీ వచ్చినవాటిని పట్టుకోవడం నడిపేవాళ్ళకి తెలియాలి. ఆవిడ సర్దుకునేదాకా ఆగారా, హడావిడిగా తర్వాతి ఆటకి వెళ్ళిపోకుండా మళ్ళీ మెల్లగా శ్వాస, పాదాలు నేలకి ఆనించడం లాంటివి చేయించి ముగించారా? మీరు చెప్పినదాన్ని బట్టి ఆగారు, అది మంచి లక్షణం. సెషను చివర ముగింపు సరిగ్గా లేకపోతే మీరు చెప్పిన 'రెండ్రోజులు అన్నం సహించకపోవడం' ఎక్కువవుతుంది, ఆ సంగతి వాళ్ళకి చెప్పండి, దాచుకోకండి. గీయనని, చూపించనని, చెప్పనని అనే హక్కు మీకుంది. బొమ్మలు గోడకి అతికించి వదిలెయ్యడం నాకు నచ్చలేదు, మీరే కూరగాయలకెళ్తూ చూసేశారు కదా, రేపు పెళ్ళివాళ్ళు చూస్తారు. చుట్టి ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలి, లేదా బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదని మొదట్లోనే అందరి చేతా ఒప్పించాలి, మీ అత్తగారి చేత కూడా.

మనసు బాగా కుంగితే, నిద్ర లేకపోతే, గ్రూపు ఒక్కటే చాలదు. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.


ఇచ్ఛాపురం_కుర్రోడు:

నేను మొదట కాస్త గట్టిగానే అన్నాను, ఏమనుకోకండి, ఇప్పటికీ రాగి బిళ్ళవాడు కనిపిస్తే అదే అంటాను. ఇదంతా మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన డయాలసిస్ రోజు తప్ప గుమ్మం దాటరు. ఎవరైనా వస్తే "ఎలా ఉంది బాబూ" అని కిడ్నీల గురించే అడుగుతారని అసలు ఎదురుపడరు. తప్పెటగుళ్ళు ఆడేవారు కుర్రతనంలో, రొమ్ముకి రేకులు కట్టుకుని. మీ అత్తగారి తాళం ముక్క విని నవ్వారు, "ఆళ్ళకి తప్పెట తెల్దేటి" అన్నారు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం ఎంత దూరం కనక, బండి మీద తీసుకొస్తాను. తీసుకురావచ్చా? ఎడం చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసినది) ఉంది.


పర్లాకిమిడి_ఫిజియో:

నెఫ్రాలజిస్టు సరేనంటే తీసుకెళ్ళు బాబూ. డయాలసిస్ అయిన రోజు కాదు, ఆ రోజు బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, మధ్యరోజు చూసుకో. శనివారం డయాలసిస్ పడితే షిఫ్టు మార్చడం కుదురుతుందేమో సెంటర్లో అడుగు. ఫిస్టులా చేతితో ఆ చీర లాగకూడదు, కుడిచేత్తో పట్టుకోమను. ఆ చేతికి బిగుతు చొక్కా, వాచీ, కంకణం వద్దు, పక్కవాళ్ళు ఆప్యాయంగా ఆ చేయి పట్టుకుని ఊపకుండా ముందే చెప్పాలి. వెళ్ళేముందు రోజూ వేలు పెట్టి చూస్తారు కదా, జుమ్మని కొట్టుకుంటోందా అని, అది లేకపోతే గ్రూపు సంగతి వదిలేసి సెంటరుకి పరిగెత్తాలి. నీళ్ళ కొలత సంగతి రాయగడ టీచరుగారు రాశారు, నోటుబుక్కులో రాయించు. తప్పెటగుళ్ళు మాత్రం ఆడనివ్వకు, అందులో ఎగరడం, రొమ్ము మీద కొట్టుకోవడం ఎక్కువ, మెడ దగ్గరో ఛాతీ దగ్గరో క్యాథెటర్ గొట్టం లాంటిది ఇంకా ఉంటే అసలే కాదు. కూర్చుని పాట అందుకోమను, తాళం అత్తగారు చూసుకుంటారు.


బరంపురం_కోడలు:

తీసుకురా తమ్ముడూ. చేతుల కుర్చీ ఒకటి మండపం ఆఫీసులో ఉంది, నాన్నగారికి అది తీయించి పెడతాను, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడం కష్టం. ఇరవై మెట్లున్నాయి, లిఫ్టు లేదు, అది ముందే చెప్తున్నాను. బొమ్మలు చుట్టి ఇచ్చెయ్యమని టీచరమ్మకి చెప్పాను, ఒప్పుకున్నారు. వచ్చేముందు రోజు ఇక్కడే మెసేజ్ పెట్టు.